మక్కలు చూసే పన్ను

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. అలవాటు. మా వీధిలో పిల్లి తుమ్మితే నా నోటికి వచ్చేసరికి అది పులి గాండ్రింపు అవుతుంది. నేను మక్కల వ్యాపారిని, అంటే మొక్కజొన్నల వ్యాపారిని, కాబట్టి మా మార్కెట్ మాటలోనే చెబుతాను: నా ప్రతి వాక్యంలోనూ కొంత తేమ ఉంటుంది, తరుగు తీసి పుచ్చుకోండి. పూర్తిగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్తాను.

ఇల్లు వరంగల్లో, వ్యాపారం కేసముద్రం మార్కెట్లో. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రావడం. మక్కలు ఎండాయో లేదో చూడటానికి ఇప్పుడు మిషన్లున్నాయి. అయినా మిషన్ దాకా పోకముందే కొనేవాడు కుప్పలోంచి పిడికెడు తీస్తాడు. అందులో ఒక గింజ తను కొరుకుతాడు, ఒకటి రైతు కొరుకుతాడు. కటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. రెండు నోళ్లూ ఒకే మాట అంటేనే బేరం మొదలవుతుంది. నాకు ఆ పని చేసిపెట్టేది కుడివైపు కింది దవడ పన్ను. మిగతావన్నీ అన్నం తినడానికి ఉన్నాయి, అది మాత్రం వ్యాపారంలో నా భాగస్థుడు. నేను అబద్ధాలాడతానని మార్కెట్టంతటికీ తెలుసు. నా పన్ను అబద్ధమాడదని కూడా తెలుసు.

ఆ పన్ను కింద ఒకరోజు గింజతో పాటు రాయి పడింది. ఎంత రాయి అంటారా, ఓరుగల్లు కోట గోడలోంచి ఊడివచ్చినంత. కొన్నాళ్లు ఓర్చుకుని, ఆ తర్వాత పన్ను పగ తీర్చుకోవడం మొదలుపెట్టింది. రైలు వరంగల్లో కదిలేటప్పుడు పంట్లో ఉన్న నొప్పి నెక్కొండకు చెవిలోకి పాకేది, కేసముద్రంలో నడినెత్తికి ఎక్కేది. తిరుగు రైల్లో దిగుతుందేమోనని చూశాను. దానికి రిటర్న్ టికెట్ లేదు.

కూర్చోలేను, నిలబడలేను. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి డాబా మీదికి, అక్కడేదో మరిచిపోయినట్టు మళ్లీ కిందికి.

"జర ఒక్క దగ్గర కూసోండ్రి. గచ్చు అరిగిపోతాంది" అంది మా ఆవిడ.

"పన్ను పీకేస్తరేమోనని ఫికరైతాంది."

"పీకితే పీకుతరు. ఇంక నోటినిండ ఉన్నయి గద."

"అవి అన్నం తినేటియి."

"అయితే అన్నం తిని కూసోండ్రి."

చివరికి ఆమే నన్ను హన్మకొండలో ఒక పళ్ల దవాఖానకు పట్టుకుపోయింది. బయట ఉన్న కుర్చీలన్నిటిలోనూ వరసగా కూర్చుని చూశాను. అక్కడి గాజు తొట్టిలో తిరుగుతున్న చేప నన్ను చూసీ చూసీ అలిసిపోయి అడుగున పడుకుంది.

డాక్టరమ్మది మా అమ్మాయి వయసు. ఎక్స్‌రే చూసి, "లోపల నరం ఖరాబైంది అంకుల్, చీము పట్టింది. రూట్ కెనాల్ చేద్దాం. పన్ను పీకం. నరం తీసి, సాఫ్ చేసి, నింపి, మీద క్యాప్ పెడ్తం" అంది.

పీకం అన్న మాటకు లేచి కూర్చున్నాను. నరం తీస్తాం అన్న మాటకు మళ్లీ వాలిపోయాను.

"నరం తీసినంక దానికి తెలుస్తదా అమ్మా?"

"ఏం తెలవాలె?"

"మక్కలు."

ఆమె మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ గోడ మీద పళ్ల బొమ్మ వైపు చూసింది. నేను కుప్ప, పిడికిలి, కటుక్కు అన్నీ వివరించాను. డాక్టరమ్మ నవ్వకుండా విన్నది.

"వేడి, చల్ల తెల్వదు. కొరికినప్పటి ఒత్తిడి మాత్రం తెలుస్తది, అది పంటి చుట్టుపక్కల తెలిసేది. మక్కల సంగతంటే నేను చెప్పలేను అంకుల్. ఇంతదాంక ఎవ్వరు అడగలే."

మత్తు సూది ఇచ్చాక పెదవి పరుపంత అయింది. నరం తీసే పనిముట్టు, ఫైలంటారు, నిజానికి గుండుసూదంత. నా నోట్లోకి దిగేటప్పుడు మాత్రం బోరు వేసే రాడ్డే. నీళ్లు పడ్డాయా అని అడుగుదామంటే నోరు ఖాళీ లేదు. నొప్పైతే చెయ్యి ఎత్తమంది. ఎత్తాను.

"నొప్పా?"

"నరం ఇంక జర మిగిలిందా?"

"చెయ్యి దింపండి అంకుల్."

నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ పరేషాన్ చేసింది. పన్నేమో ఊరుకుంది, నేనే ఊరుకోలేకపోయాను.

క్యాప్ వచ్చేదాకా మార్కెట్లో ఎడమ పంటితో నెట్టుకొచ్చాను. పాపం అమాయకురాలు, ఏ కుప్ప చూపించినా ఎండిందనేది. పక్కన మిషన్ లేకపోతే మా గోదాంలో ఆ మక్కలు మొలకెత్తి మళ్లీ కంకులేసేవి. క్యాప్ పెట్టిన రోజు డాక్టరమ్మ నీలం కాగితం కొరికించి ఎత్తు సరిచేసింది. నేను జేబులోంచి మక్క గింజ తీశాను. ఆమె లాగేసుకుంది.

"ఇయ్యాల వద్దు. తర్వాతైన ఆలోచించి కొరకండి. అది పన్ను, రోలు కాదు."

మర్నాడు మార్కెట్లో, మరిపెడ వైపు నుంచి ఏటా నాకే మక్కలు తెచ్చే ముసలి రైతు నా బుగ్గ వైపు తేరిపార చూశాడు.

"ఏంది సేటూ, నీ పన్ను సచ్చిపోయిందట."

"చావలే మామా. దవాఖానల పడి లేచింది."

"రేపు నా మక్కలు పచ్చియంటే, ఆ మాట పన్నన్నదా నువ్వన్నవా, నాకెట్ల తెలువాలె?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కాంటాలు ఆగాయి. హమాలీలు బస్తాలు వీపు మీద ఉండగానే నిలబడ్డారు. కేసముద్రంలో ఆగే అవసరం లేని రైళ్లు కూడా ఆగాయి. పిడికెడు తీశాను. మామ ఒక గింజ, నేనొకటి. ఇద్దరం కలిసి కొరికాం. కటుక్కు.

"ఎండినయి" అన్నాను.

"బతికే ఉన్నది" అన్నాడు మామ, నా బుగ్గ వైపు చూపిస్తూ. మిషన్ కూడా ఎండినట్టే చూపించింది. బేరం మొదలైంది.

ఇక ఒప్పుకోవలసింది. కోట రాయి, ఆగిన రైళ్లు, అలిసిన చేప, వీటన్నిటికీ తరుగు తీస్తే లోపల ఎంతోకొంత గింజ దొరుకుతుంది. పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఇద్దరం కొరికామన్నది. గింజ క్యాప్ మీద పెట్టుకుని పెదవులు మూశానే గాని పళ్లు కలపలేదు. డాక్టరమ్మ మాట మీద గౌరవంతో కాదు. కొరికాక ఏమీ తెలియకపోతే అంతమందిలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలన్న భయంతో. కటుక్కుమన్నది మామ నోరు. ఆ చప్పుడు విని నేను తీర్పు చెప్పాను.

ఆ గింజను బుగ్గలోంచి తీసి జేబులో వేసుకున్నాను. ఇప్పటికీ ఉంది. రోజూ తీసి నోటిదాకా తెస్తాను, మళ్లీ జేబులో పడేస్తాను. "ఒక్కసారి కొరికి చూడండ్రి, తేలిపోతది" అంటుంది మా ఆవిడ.

నేను లేచి డాబా మీదికి పోతాను.