సత్తెమ్మక్క పెట్టిన గుప్పెడన్నం

మొన్న ఒక పెళ్లి భోజనంలో సన్నబియ్యం అన్నం పొగలు కక్కుతూ నా పక్కకు రాగానే, ఆ వాసనకు నోట్లో నీళ్లూ, కళ్ల ముందు సత్తెమ్మక్కా ఒక్కసారే వచ్చాయి. నా చెయ్యి దానంతటదే విస్తరికి అడ్డం పోయింది. "షుగరా పెద్దాయనా?" అన్నాడు వడ్డించేవాడు. "సత్తెమ్మక్క" అన్నాను. అతనికేం తెలుసు!

ఎనభైల చివర సిద్దిపేట బస్టాండు వెనక సందులో నేను రేడియోలు బాగుచేసేవాణ్ణి. ఏ బడీ నేర్పలేదు. పాత పుస్తకాలు చదివి, నాలుగు సెట్లు పాడుచేసి నేర్చుకున్న విద్య. భార్యాపిల్లలు రాయపోల్‌లో వ్యవసాయం చూసుకునేవాళ్లు. నాకు సత్తెమ్మక్క మెస్సే దిక్కు. అక్కడ తిన్నవాడు బెల్టు వదులు చేసుకోకుండా లేవడని పేరు. "ఇంకింత ఏస్కో తమ్మీ, బువ్వ మిగిలితే నాకు నిద్ర వట్టది" అంటూ గుట్టగా పోసేది.

అంతలో నాకు షుగరు వచ్చింది. ఆ రోజు నుంచే చాయ్‌లో చక్కెర మానేశాను. మిఠాయి ముట్టలేదు. మాత్రలు తప్పలేదు. నా నిష్ఠ గురించి సందంతా చెప్పుకున్నాను, వడ్డన హడావిడిలో ఉండే సత్తెమ్మక్కకు తప్ప. అయినా షుగరు దిగదు! డాక్టరుకు చదువు రాదని తీర్మానించాను. ఒకనాడు రేడియోలో తీగ అతుకుతుంటే కరిగిన సీసం చుక్క కాలి బొటనవేలి మీద పడింది. పుండు మానలేదు. కుంటుకుంటూ మెస్సుకు పోయాను.

"షుగరొచ్చిందని చాయ్‌ల సుత చక్కెర ముట్టుతలేను అక్కా. గా డాక్టర్‌కు ఏం రాదు" అని తిట్టుకుంటుంటే ఆమె నా పళ్లెం చూసింది. ముట్టని కూర, పక్కన అన్నం గుట్ట.

"మరి గిదేంది?"

"బువ్వ."

"గిదే కడుపుల వడ్డంక చక్కెరైతది. తవుడు బర్లకు పోసి, తెల్లగ తోమిన గింజ మనం తింటున్నం. చాయ్‌ల చెంచెడు మాని, గీడ గంపెడు మింగుతున్నవు!"

మర్నాడు నా పళ్లెంలో చిక్కుడుకాయ కూర, గుడ్డు, తోటకూర పప్పు, ఒక జొన్నరొట్టె, మూలన గుప్పెడన్నం. "ముందు గివి తిను. బువ్వ ఆఖరుకు."

నా ఒళ్లు మండింది. "బయట ఫుల్ మీల్స్ అని బోర్డు వెట్టి గింతే ఏస్తవా?"

"బోర్డు మనుషులకు రాసిన, మొండోళ్లకు కాదు."

అందరూ నవ్వారు. నీ గడప తొక్కనని లేచి, మర్నాడు ఎదురుగా ఉన్న ఎల్లయ్య మెస్సుకు పోయి, ఆమెకు కనబడేటట్టు కూర్చున్నాను. ఎల్లయ్య పళ్లెం తెచ్చాడు. కూర, పప్పు, రొట్టె, మూలన గుప్పెడన్నం!

"గిదేంది ఎల్లన్నా?"

"నీకు గింతే. సత్తెమ్మ జెప్పిపోయింది."

"మీ ఇద్దరికి మాటల్లేవు గద!"

"లెవ్వు. మురికి మోరి నీళ్ల పంచాయితి అయినకాడికెళ్లి నా మొఖం సుత సూస్తలేదు. ఇయ్యాల పొద్దుగాల నా మెట్లెక్కింది. 'వాని కాలు తీస్తే పాపం నీకే' అన్నది, పోయింది. గంత మొండిది నా గడప తొక్కినంక నేను గుట్టగ బువ్వెట్ల వెడుత?"

తల ఎత్తి చూశాను. సత్తెమ్మక్క మమ్మల్ని చూడనట్టు బల్ల తుడుస్తోంది, తుడిచిన బల్లనే మళ్లీ.

ఆ సాయంత్రం తిరిగి పోయాను. "ఎందుకక్కా గింత పట్టుదల?"

ఆమె పళ్లెం నా ముందు పెట్టింది. "మీ బావ సుత చాయ్‌ల చక్కెర మానిండు. ఇంకేం తింటడు పాపమని నేనే గీ చేతులతోని బువ్వ పెంచిన. కాలు తీసినంక సుత బువ్వనే అడిగిండు." నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, "తిను, సల్లారుతది" అన్నది.

పుండు మానింది, మెల్లగా. కట్టు డాక్టరుది, పళ్లెం ఆమెది. షుగరు దిగిందని చూపిస్తే ఆ డాక్టరు, "అన్నం తగ్గించమని మొదటిరోజే చెప్పిన. నువ్వు చక్కెర మాట ఒక్కటే విన్నవు" అన్నాడు. ఆయన మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. గట్టిగా చెప్పొద్దా?

సత్తెమ్మక్క ఇప్పుడు లేదు. నా కాలికి ఐదు వేళ్లూ ఉన్నాయి. మొన్న పెళ్లిలో వాటిని చూసుకుంటూ తలెత్తితే, ఎదురు వరుసలో మా వియ్యంకుడు. ఆయనకూ షుగరే. నన్ను ఒక మాట అన్నాడని ఏడాదిగా ఆయనతో మాట్లాడటం లేదు, తప్పు ముమ్మాటికీ ఆయనదే. కూర ముట్టకుండా, అన్నం రెండోసారి పోయించుకుంటున్నాడు.

కాసేపు పళ్లు కొరుక్కున్నాను. తర్వాత విస్తరి వదిలి లేచి, పోయి ఆయన పక్కన నిలబడ్డాను.

"బావా, ముందు కూర తిను."