రాయి కింద క్వార్టరు

తిరువళ్లూరులో తాగుడు మాన్పించే కేంద్రం నుంచి మమ్మల్ని ఎనిమిది మందిని వ్యానెక్కించి తిరుత్తణి అవతల చిట్టడవికి తీసుకెళ్లారు. అడవిలో ఒంటరిగా కూర్చుంటే మనిషి మారతాడని చెన్నై నుంచి వచ్చిన కౌన్సిలర్ నమ్మకం. ఇది మీరెవరూ చూడని చోటు అన్నాడు తమిళంలో. నేను పదేళ్లుగా తాగింది అక్కడే. ఆయన దారి తప్పబోతే రెండుసార్లు నేనే సరిచేశాను.

సెల్‌ఫోన్లు తీసుకుని, తలా ఒక నీళ్ల సీసా ఇచ్చి, సాయంత్రం దాకా కదలొద్దన్నాడు. నన్ను కూర్చోబెట్టింది గుట్ట మీద నా రాయి దగ్గరే.

ఆ రాయి సంగతి చెప్పాలి. ఏటా ఆడి కృత్తిక పండక్కి కొండమీది స్వామి మాల వేసుకుంటాను. మెడలో అది ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టను. వేసుకునే ముందురోజు మాత్రం ఆ రాయి కింద ఒక క్వార్టరు దాచిపెడతాను, తీసిన రోజుకు పనికొస్తుందని. నిరుడు మాల తీశాక గుట్ట ఎక్కే ఓపిక లేక, తిరుత్తణిలో మా వీధి చివరి కొట్లోనే తాగేశాను. ఆ సాయంత్రమే నా భార్య కడంబత్తూరులో పుట్టింటికి వెళ్లిపోయింది.

"దేముడికి భయపడి మానేది లెక్క కాదు. ఊరికే మానేసిన దినం వచ్చి పిలువు" అనింది.

చెయ్యి పెట్టి చూశాను. సీసా ఉంది. పొద్దున రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టాను. మధ్యాహ్నం మూత పట్టుకుని ఏడ్చాను. మెడలో మాల లేదు, మొక్కు లేదు, చూసేవాడు లేడు. తాగకుండా ఉండటానికి ఒక్క కారణమూ దొరకలేదు. ఊరికే కూర్చున్నాను. విజిల్ వినబడగానే సీసాను దాని చోటే పెట్టి దిగాను. ఏం తెలుసుకున్నావని కౌన్సిలర్ అడిగితే ఎండ ఎక్కువన్నాను.

కేంద్రం వాళ్లు ఇక ఇంటికి పొమ్మన్నాక నేరుగా కడంబత్తూరు వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె నమ్మలేదు.

"ఆ సీసా యాడుండాది?"

"ఆడే ఉండాది."

"పద, చూపించు."

ఆయాసపడుతూ గుట్ట ఎక్కింది. సీసా తీసి, కొంగుతో మన్ను తుడిచి, మూత సీలును వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. తర్వాత దాన్ని మళ్లీ రాయి కిందే పెట్టింది.

"పారబొయ్యవా?" అన్నాను.

"ఉండనీ. నెలనెలా వచ్చి చూస్తా."

"కడంబత్తూరు నుంచి అంత దూరం ఎట్ల వస్తావు?"

"మనింటి నుంచి దగ్గరే గదా" అనింది.