గట్క తాగి పనికి పోయే పాఠం

మా అమ్మాయికి చదువు చెప్పిన టీచరమ్మగారు శుక్రవారం తెల్లవారుతుండగా తార్నాకలో తన ఇంట్లోనే కన్నుమూశారు. పాలు పోసే ఆమె వచ్చి చెబితే నేను నమ్మలేదు. వారం కిందటే కదా, అమ్మాయి ఎం.ఎడ్. పాసైందని కాచిగూడ నుంచి జిలేబీ పొట్లం పట్టుకుపోయాను! మంచం మీద లేచి కూర్చుని, ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇంకోటి ఇవ్వండి పెయింటరుగారూ, ఇప్పుడు డాక్టరుగారు చూడట్లేదు" అన్నారు.

చావు కబురు చెబుతూ జిలేబీల మాట ఎత్తాడేమిటి ఈ ముసలాయన అనుకోకండి. నాకు ఏడుపూ వస్తోంది, సంతోషమూ ఆగడం లేదు. నా బిడ్డ పాసైన మాట ఆ తల్లి చెవిన పడ్డాకే పోయింది. అంత అదృష్టం ఎందరికి ఉంటుంది చెప్పండి?

నేను చదివింది నాలుగో తరగతి. రైల్వే వర్క్‌షాపులో పెట్టెల మీద అక్షరాలు, నంబర్లు రాసి రిటైరయ్యాను. నన్ను 'గారు' అని పిలిచిన మొదటి మనిషి ఆమె. గుంటూరు దిక్కు క్రైస్తవుల ఇంటి ఆడపడుచు, పెళ్లి చేసుకోలేదు. నల్ల గొడుగు వేసుకుని తార్నాక నుంచి యూనివర్సిటీకి నడిచే పోయేవారు. దారిలో రిక్షా అతను గానీ, జామకాయలమ్మే ఆమె గానీ తనకు తెలియని మాట అంటే చాలు, అక్కడే ఆగి చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. మళ్లీ పలికి చూసుకుని తలాడించేవారు.

బడి మొహం చూడని ఆడవాళ్లకు చదవడం ఎట్లా నేర్పాలి అన్నది మా అమ్మాయి థీసిస్. యూనివర్సిటీలో కొత్త హాస్టల్ కట్టే కూలీ ఆడవాళ్లు అడిక్‌మెట్ గుడిసెల్లో ఉండేవారు. మధ్యాహ్నం తిండి అయ్యాక టీచరమ్మగారూ, మా అమ్మాయీ వాళ్ల పక్కన కూర్చుని ముచ్చట్లు వినేవారు. వాళ్లతోపాటే తినేవారు కూడా. ఒకపక్క అక్షరాలు నేర్పుతూ, వాళ్లు చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో ఎక్కించేవారు. దాన్నే పెద్ద కాగితాల మీద రాయించి వాళ్లకే పాఠంగా ఇవ్వాలి, తమ సంగతే అయితే తొందరగా చదువుతారేమో చూడాలి. అదీ పద్ధతి. ఆ కాగితాలు రాసే పని నాకు అప్పగించారు. ఎంత పొంగిపోయానో!

తీరా నోటుబుక్కు తెరిస్తే ఏముంది? "పొద్దుగాల గట్క తాగి పనికి పోత. మేస్త్రి మొగం మాడ్చుకుంటడు." ఇదీ పాఠం! పెద్దపెద్ద సార్లు చూసే కాగితం మీద పేదోళ్లు తాగే జొన్న గట్క ఏమిటి? నా బిడ్డ పరువేం కావాలి? చిన్నప్పుడు నేను చదివిన వాచకం గుర్తు చేసుకుని, "ఉదయమే లేచి స్నానం చేసి, దేవుని పూజించి, పాలు తాగి పనికి వెళ్తాను" అని ముత్యాల్లాంటి అక్షరాలు రాశాను. మేస్త్రిని కూడా మంచివాణ్ణి చేశాను. ఇరవై కాగితాలూ అట్లాగే బాగుచేసి, రంగు ఆరలేదని వంకపెట్టి అమ్మాయికి చూపించకుండా, పాఠం రోజు నేనే మోసుకుపోయాను.

రాళ్లు మోసే ఎల్లమ్మ మొదటి కాగితం ముందు కూర్చుంది. ఒక్కో అక్షరం పట్టుకుని పూజ దాకా వచ్చి ఆగిపోయింది.

"గీ పూజ ఏడికెల్లి అచ్చిందమ్మ? నాకు తీరిక ఏడున్నది? నేను పాలు తాగుతనా? గిది నేను చెప్పింది గాదు, ఎవరో దొరసాని చెప్పింది."

పక్కనామె రెండో కాగితంలోకి తొంగి చూసింది. "మన మేస్త్రి మంచోడట సూడే! గింత అబద్ధం ఎవరు రాసిన్రే?"

అందరూ విరగబడి నవ్వారు. నవ్వనిది మా అమ్మాయి ఒక్కతే. థీసిస్ ఇవ్వడానికి పది రోజులుంది. "నాయినా, ఏం పని చేసినవు? వాళ్లు చెప్పిందే లేకుంటే నా థీసిస్‌ల ఇంకేమున్నది?" అని అందరి ముందే ఏడ్చేసింది. భూమి చీలితే బాగుండు అనిపించింది నాకు.

టీచరమ్మగారు కాగితాలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశారు. "అక్షరాలు బంగారంలా ఉన్నాయండీ" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మీరు పొద్దున ఏం తిని వచ్చారు?"

"గట్కనే అమ్మా. రాత్రి మిగిలింది."

"బావుందా?"

"మస్తుగుండె. మామిడి తొక్కు ఏసుకున్న."

ఆ మాటలు నోటుబుక్కులో రాసి నా చేతికిచ్చారు. చదివాను. అరవై ఏళ్లలో నా మాటను కాగితం మీద చూడడం అదే మొదలు. "ఇందులో సిగ్గుపడాల్సింది ఏదండీ?" అన్నారు. వెతికాను. దొరకలేదు.

ఆ తర్వాత ఎనిమిది సాయంత్రాలు ఆమె వరండాలో కూర్చుని ఇరవై కాగితాలూ మళ్లీ రాశాను. అప్పటికే ఆమెకు ఊపిరి అందేది కాదు. నోటుబుక్కులోంచి నాలుగు ముక్కలు చదివి ఆగి, దమ్ము తీసుకుని మళ్లీ చదివేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పన్నెండేళ్లయినా మా తెలంగాణ మాట ఆమె నోట సరిగ్గా పలికేది కాదు. "అట్ల గాదమ్మా" అని నేను దిద్దితే, "మళ్లీ చెప్పండి మాస్టారూ" అనేవారు. నేను మాస్టారునట! నా చెయ్యి ఎక్కడైనా తటపటాయిస్తే మాత్రం కనిపెట్టేవారు. "మనిషి చెప్పింది రాయండి, మనకు నచ్చింది కాదు."

మళ్లీ పాఠం పెట్టిన రోజు ఎల్లమ్మ చెమటలు కక్కింది. టీచరమ్మగారు గొడుగు మీద గడ్డం ఆనించి, "తొందరేం లేదమ్మా, అక్షరం ఎక్కడికీ పోదు" అన్నారు. గట్క దాటింది, పని దాటింది, మేస్త్రి మొహం కూడా దాటి తలెత్తింది. "ఓయమ్మో! నేనే ఉన్న గీడ!"

ఆ కేక విన్నప్పుడే మా అమ్మాయి పాసైందని నాకు తెలిసిపోయింది. సార్లు చెప్పింది తర్వాత.

శనివారం సమాధి దగ్గర చెక్క సిలువ మీద రాయమని చర్చివాళ్లు నన్నే అడిగారు. చీటీలో ఇచ్చిన పేరూ, చదువులూ తెల్లరంగుతో రాశాను. కింద కాస్త జాగా మిగిలింది. పని నుంచి అట్లాగే వచ్చిన ఆడవాళ్లు, కాళ్లకు సిమెంటుతో, వెనక నిలబడి ఉన్నారు.

"కింద ఏం రాయాలె ఎల్లమ్మా?"

"మాతోని కూసొని బువ్వ తిన్నది అని రాయి."

సంఘ పెద్ద కళ్లజోడు సర్దుకుని చూశారు. చెప్పింది చెప్పినట్టే రాశాను. ఎల్లమ్మ ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుని వేలు పెట్టింది. "మా... తో... ని..." తర్వాతి అక్షరం దగ్గర ఆగింది. మా అమ్మాయి అందించబోతే, తొందరేం లేదని నేను చెయ్యి పట్టుకుని ఆపాను. తడి రంగు అంటిన ఆ వేలు, చివర తెల్లగా, అక్షరం మీదనే నిలబడి ఉంది.