ఇటు రత్నం, అటు కరుణ

ఇవాళ పొద్దున్న మా ఇల్లంతా సాంబ్రాణి పొగే. రాజమండ్రిలో మా అపార్టుమెంటు నాలుగో అంతస్తులో, రెండో నెల నడుస్తున్న మనవరాలికి తలంటి, తడి జుట్టుకి పొగ పడుతూ కూర్చున్నాను. పక్కనే మా అమ్మాయి సుధ ఫోనులో బర్త్ సర్టిఫికెట్ ఫారం నింపుతూ, "అమ్మా, రత్న విమల... కలిపెయ్యనా, విడివిడిగా రాయనా, మధ్యలో హైఫన్ పెట్టనా?" అని అడిగింది. రత్న నా పేరులో సగం, విమల మా వియ్యపురాలి పేరు. ఆవిడేమో పిల్ల పుట్టిన రోజు నుంచీ ఒట్టి విమల అనే పిలుస్తోంది. పైకి అనలేదు గానీ నాకు ఒళ్లు మండుతోంది. "హైఫనే పెట్టు! ఎవరూ విడదీయకుండా గట్టిగా పెట్టు!" అన్నాను. నా ఆవేశం చూసి సుధ నవ్వింది. దానికేం తెలుసు, సగం పేరుతో ఒక ఇంట్లో, మిగతా సగంతో ఇంకో ఇంట్లో పెరిగినదాన్ని నేను.

నా పేరు రత్న కరుణ. నాయనమ్మ రత్నమ్మ, అమ్మమ్మ కరుణమ్మ. ఇద్దరిదీ ఒకే ఊరు, మధ్యలో కాలవ. కాలవకి ఇవతల లూథరన్ గుడి, నాయనమ్మ రాజ్యం. అవతల బాప్టిస్టు గుడి, అమ్మమ్మ రాజ్యం. నాకు మూడో నెలలో నాయనమ్మ తన గుడిలో నా నెత్తిన మూడు నీటిచుక్కలు వేయించి బాప్తిస్మం అయిపోయిందంది. పాలు తాగే పిల్లకి బాప్తిస్మమేంటి, పెద్దయ్యాక తనే అడిగి నీళ్లలో మునగాలి గానీ అని అమ్మమ్మ నన్ను ఎత్తుకుపోయి తన గుడిలో దేవుడికి ప్రతిష్ఠ చేయించింది. ఇవతలి సండేస్కూలు రిజిస్టరులో రత్నం, అవతలి రిజిస్టరులో కరుణ. ఊళ్లో పిల్ల ఒకతే, హాజరు రెండు చోట్ల.

ఎంత బాగుండేదో ఆ రోజుల్లో! డిసెంబరొస్తే కోతలైన చేలల్లో గడ్డివాసన, పొద్దెక్కినా వీడని మంచు, వెదురుబద్దలకి రంగుకాగితాలంటించి కట్టిన నక్షత్రాలు. రిటైరైన పంతులమ్మ నాయనమ్మ, కీర్తనల పుస్తకానికి తెల్లగుడ్డ చుట్టి, ఇస్త్రీ చీర మడత చెడకుండా నిటారుగా కూర్చుని, నా నోట బైబిలు వాక్యం తప్పు లేకుండా వచ్చేదాకా అరిసె చేతికిచ్చేది కాదు. ఊడ్పులకీ కోతలకీ వెళ్లే అమ్మమ్మ, కాలవ ఇవతలికి వినబడే గొంతుతో పిలిచి, బెల్లం పాకం అంటిన వేళ్లు ముందు నా నోట్లో పెట్టి, వాక్యం సంగతి తర్వాత అడిగేది. రత్నం మూతి తుడుచుకుని, "అలాగేనండి" అనే బుద్ధిమంతురాలు. కరుణ మోకాళ్లు చెక్కుకుపోయేలా తొక్కుడుబిళ్ల ఆడే రాకాసి. ఒకరి ఇంట్లో రెండోవాళ్ల పేరు నేను ఎత్తేదాన్నే కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు గండం వచ్చిపడింది. ఏటా వేరువేరు రోజుల్లో జరిగే రెండు గుళ్ల క్రిస్మస్ ప్రోగ్రాములు ఆ ఏడు ఒకే మధ్యాహ్నం పడ్డాయి. ఇక్కడ రత్నం దేవదూత, అక్కడ కరుణ గొర్రెల కాపరి. "నా పరువు తీయకే రత్నం" అంది నాయనమ్మ. "నువ్వు రాకపోతే నేనింక గుడి మెట్టెక్కనే కరుణా" అంది అమ్మమ్మ. ఎవరికీ కాదని చెప్పలేక ఇద్దరికీ వస్తానన్నాను.

దేవదూత మాట చివరి ముక్క నోట్లో ఉండగానే ఒక్క దూకు దూకాను. వెండికాగితం అంటించిన అట్టరెక్కలు వీపు మీద టపటపా కొట్టుకుంటుంటే, బురదగట్టు మీద పడి లేచి, కాలవ మీద తాటిదుంగల వంతెన దాటి, బాప్టిస్టు గుడిలోకి దూసుకెళ్లాను. ఎవరో నెత్తికి తుండుగుడ్డ చుట్టారు, ఎవరో కర్ర చేతికిచ్చారు, రెక్కలు విప్పే తీరిక ఎవరికీ లేదు. రెక్కల కాపరిని చూసి గుడి గుడంతా గొల్లుమంది. ఆయాసంతో, సిగ్గుతో చెప్పాల్సిన మాట మరిచిపోయాను. ముందు వరసలో అమ్మమ్మ మొహం వాడిపోవడం నాకు కనబడుతూనే ఉంది.

అప్పుడు గుమ్మంలో నాయనమ్మ! మధ్యలో పారిపోయిన నన్ను లాక్కుపోదామని తరుముకొచ్చింది. ఇస్త్రీ చీర మోకాళ్లదాకా బురద, చేతిలో గట్టు మీద ఊడిపోయిన నా చెప్పు. ఆ గుడి గడప ఆవిడ అంతకుముందెప్పుడూ తొక్కలేదు. నా వైపు చూసింది, అమ్మమ్మ వైపు చూసింది. రత్నం అంటే అక్కడ ఎవరికీ తెలియదని ఆవిడకి తెలుసు.

"కరుణా! భయపడకమ్మా, చెప్పు!"

ఆ పేరు ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, మాటా వచ్చింది. ఆ ఊపులో కాపరి మాటతో పాటు దేవదూత మాట కూడా చెప్పేశాను. అమ్మమ్మ లేచి వెళ్లి, "రండి వదినగారూ, ఇలా కూచోండి" అని చాప మీద చోటిచ్చింది. ఇద్దరి మధ్య కూర్చుని ఆ రోజు నేను పొందిన సంతోషం మళ్లీ ఏ పండగకీ పొందలేదు.

తాటిదుంగల వంతెన పోయి సిమెంటు వంతెన వచ్చింది. నక్షత్రాలు ఇప్పుడు బజార్లో కొంటున్నారు. నాయనమ్మ పోయాక నన్ను రత్నం అన్నవాళ్లు లేరు, అమ్మమ్మ పోయాక కరుణా అన్నవాళ్లూ లేరు. బ్యాంకులో మేడమ్‌ని, ఇంట్లో అమ్మని.

"హైఫన్ పెట్టేశానమ్మా" అంది సుధ. సరేనన్నాను. కాస్సేపటికి వియ్యపురాలి వీడియో కాల్ వచ్చింది. పొగవాసనేస్తున్న పిల్లని ఎత్తుకుని నేనే తీశాను. ఆవిడ నోరు తెరవకముందే పిల్ల మొహం ఫోను వైపు తిప్పి, "ఇదిగోండి వదినగారూ, మీ విమల" అన్నాను. ఆవిడ పిల్లని చూస్తూ, "ఏమే రత్నం, పాలు తాగావా?" అంది.