చప్పుళ్ళ మాస్టారి జీపు

లోకంలో ఎవరైనా బండికి చప్పుడు వస్తోందని మెకానిక్కు దగ్గరికి వస్తారు. మా చప్పుళ్ళ మాస్టారు ఒక్కరే బండికి చప్పుడు రావడం లేదని వచ్చేవారు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో నాకంటే, ఆ మాటకొస్తే మీకంటే కూడా తెలివైన మనిషి. ముప్పై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మనిషి వెదురుబద్దలా ఉంటారు, కానీ పొట్ట మాత్రం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ముందుకు ఉంటుంది. అంత సన్నని మనిషికి అంత పొట్ట ఎలా వచ్చిందో మా షెడ్డులో ఎవరికీ అంతుపట్టలేదు.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నాది జీపుల షెడ్డు. గోడ మీద రేకు బోర్డు ఉండేది: ‘చప్పుడు లేని రిపేరు మా ప్రత్యేకత’. నా చేత్తో నేనే రాసుకున్నాను. వదులైన బోల్టు కనిపిస్తే నాకు ఒళ్ళు మంట. పెళ్ళిచూపుల్లో కూడా మామగారి కుర్చీ కిర్రుమంటోందని కిందకి దూరి మేకు బిగించి వచ్చినవాణ్ణి. అలాంటి నాకు దేవుడు ఏరికోరి ఈయన్ని తగిలించాడు.

మొదటిసారి మాస్టారు లారీ వెనక తాడు కట్టించుకుని జీపును లాక్కొచ్చారు. నలభై ఏళ్ళ బండి. పై కప్పు గుడ్డ, అడుగున తుప్పు, మధ్యలో మాస్టారు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ బ్లాకు నిలువునా పగిలి ఉంది.

“దీని సామాన్లు ఇక భూమ్మీద దొరకవు మాస్టారూ. కొత్త రకం ఇంజను వేసేద్దాం” అన్నాను.

“వెయ్యండి. ఎప్పటికవుతుంది?”

“రెండు నెలలు.”

ఆయన మొహం పాలిపోయింది. “గట్టిగా ఒక తేదీ చెప్పండి మేస్త్రీ గారూ. నేను ఇంట్లో మాటివ్వాలి. రోజూ సాయంత్రం ఆరింటికి ఈ బండి మా వాకిట్లో ఆగాలి. ఆగకపోతే ఇంట్లో మనిషి ముద్ద ముట్టదు.”

ఇంట్లో మనిషంటే భార్యే అనుకున్నాను. ఆరు దాటితే అలిగి కంచం తోసేసే రకమన్నమాట! పాపం ఈ వయసులో ఈయనకెంత కష్టం వచ్చిందోనని జాలిపడ్డాను. ఆ జాలితోనే పని మొదలుపెట్టాను.

ఆ రెండు నెలలూ నేను చేసిన పని చూస్తే మీరు దండ వేసేవారు. కొత్త ఇంజనుకీ పాత గేరుబాక్సుకీ పొత్తు కుదరదు. రెండింటి మధ్యకి లావుపాటి ఇనుప పలక కోయించి, బెజ్జాలు వెంట్రుకవాసి తేడా లేకుండా వేయించాను. షాసీ మీద ఇంజను ఆనడానికి కొత్త కాళ్ళు వెల్డింగ్ చేసి, వాటికి మెత్తటి రబ్బరు పెట్టాను. రేడియేటర్ మార్చాను. ఇంజనుతో పాటు వచ్చిన కంప్యూటర్ పెట్టెను సీటు కింద తడి తగలకుండా దాచాను. తుప్పు గీకి రేకులు అతికాను. తలుపుకి రబ్బరు, బానెట్‌కి రబ్బరు, వీలుంటే మాస్టారికి కూడా రబ్బరు తొడిగేవాణ్ణి.

తేదీకి బండి సిద్ధమైంది. మాస్టారు వచ్చి ఎక్కి కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు.

“ఊఁ, స్టార్ట్ చెయ్యండి.”

“చేశాను మాస్టారూ. రెండు నిమిషాలైంది.”

ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశారు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన మాట్లాడకుండా బండి తీసుకుని వెళ్ళిపోయారు. గొప్ప పని చూస్తే కొందరికి మాట రాదు కదా అని సరిపెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తాళం తీయకముందే వాకిట్లో ఉన్నారు.

“బండి పనిచెయ్యట్లేదండీ.”

“మరి నడుపుకుంటూ వచ్చారుగా!”

“నడుస్తోంది. పనిచెయ్యట్లేదు. నిన్న వాకిట్లో ఆపితే, ‘ఎవరో కారులో వచ్చారు, మనవాళ్ళు కాదు’ అని లోపలికి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. పాత చప్పుళ్ళు మళ్ళీ పెట్టండి.”

నాకు తల తిరిగింది. “పెట్టడమేంటి మాస్టారూ? చప్పుడు పెట్టేదా? అదంతట అది వచ్చేది!”

ఆయన జేబులోంచి సుద్దముక్క తీశారు. రిటైరైనా ఆయన జేబులో సుద్దముక్క లేని రోజు లేదు. బండి చుట్టూ తిరుగుతూ సున్నాలు చుట్టడం మొదలుపెట్టారు. బానెట్ గొళ్ళెం మీద ఒక సున్నా, ఎడమ తలుపు మీద ఒకటి, అద్దం చట్రం మీద ఒకటి, వెనక సీటు కింద ఒకటి. నా రెండు నెలల కష్టానికి వరసగా సున్నా మార్కులు వేసినట్టే అనిపించింది.

“ఇక్కడ గడగడ. ఇక్కడ కీచు, గుంతలో దిగినప్పుడు మాత్రమే. ఇక్కడ టిక్కు టిక్కు.”

“టిక్కు ఒకసారా, రెండుసార్లా?” అని వెటకారంగా అడిగాను.

“రెండు. మధ్యలో కొంచెం ఆగాలి.”

ఏం చేస్తాను? బిగించిన చేత్తోనే వదులు చేశాను. ఒక్కో రబ్బరు పీకుతుంటే నా చర్మం నేనే ఒలుచుకున్నట్టుంది. తలుపులు అయ్యాయి, బానెట్ అయింది. అసలు తంటా ఇంజనుతో వచ్చింది. పాతది డబడబ కొట్టుకునేది, మధ్యలో ఒక దెబ్బ తప్పేది. కొత్తదాన్ని అలా తప్పించబోతే కంప్యూటర్ ఒప్పుకోదు. ఎర్రదీపం వెలిగిస్తుంది, తనంతట తనే సర్దుకుంటుంది.

“కంప్యూటర్ వినట్లేదు మాస్టారూ.”

“నన్ను మాట్లాడనివ్వండి” అని ఆయన సీటు కిందకి వంగి, “ఏరా, చెప్పేది నీక్కాదా?” అని గద్దించారు. ఎర్రదీపం ఆరిపోయింది. నా చెయ్యి అప్పుడే తీగకి తగిలిందని ఆయనకి చెప్పలేదు.

చివరికి పాతసామాన్ల కొట్లో తుప్పుపట్టిన సైలెన్సర్ వెతికి, లోపలి అరలు కోసి, ఒక రేకుముక్క వేలాడేలా అతికాను. డబడబ వచ్చింది, తప్పిన దెబ్బ కూడా వచ్చింది. దానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మాస్టారు షెడ్డు వదల్లేదు. నేను అన్నం క్యారేజీ విప్పి రమ్మంటే, “ఆకలి లేదండీ” అనేవారు. “ఇవాళ పాలు తాగింది” అని ఒకరోజు సంబరంగా చెప్పారు. మరునాడు అడిగితే తల అడ్డంగా ఊపారు. ఆయన కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. ఇంత గయ్యాళితో ఎలా వేగుతున్నారో అనుకున్నాను కానీ, ఆ మొహం చూశాక ఎగతాళి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“ఈ బండి నా షెడ్డులో చేశారని మాత్రం ఎక్కడా చెప్పకండి” అని దండం పెట్టాను.

“చెప్పను. మీరు కూడా రండి. పరీక్ష పెట్టే మనిషి ఇంట్లో ఉంది. తప్పితే ఇద్దరం కలిసే తప్పుదాం.”

అలా ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. దారి పొడవునా జనం చెవులు మూసుకున్నారు, కుక్కలు వెంటపడ్డాయి, నేను తల దించుకున్నాను. ఇంటి మలుపు దగ్గర మాస్టారు బండి ఆపి, చెప్పులు విప్పి, సీటు వెనకనుంచి పెద్ద బూట్లు తీసి తొడుక్కున్నారు. ఆయన పాదాలకి అవి రెండు సైజులు పెద్దవి.

“ఇవెందుకు మాస్టారూ?”

“ఊఁ” అన్నారు. ఆ క్షణంనుంచి ఆయన నోట ‘ఊఁ’ తప్ప ఇంకో మాట రాలేదు.

వాకిట్లో అరుగు మీద తెల్లజుట్టు ముసలావిడ కూర్చుని ఉంది. చూపు లేదని చూడగానే తెలిసింది. చప్పుడు విని ఆవిడ లేచి నిలబడింది. మొహమంతా విచ్చుకుంది.

“వచ్చారా! ఇన్నాళ్ళ క్యాంపా? పశువులకేనా జబ్బులు, ఇంట్లో మనుషులకు ఉండవా?”

“ఊఁ” అన్నారు మాస్టారు, బూట్లు టకటకలాడించుకుంటూ.

వంటమనిషి చెవిలో చెబుతుంటే నాకు నెమ్మదిగా ఒక్కొక్కటే అర్థమైంది. గోడ మీద ఫోటోలో ఆ జీపు పక్కన, ఆ బూట్లతో నిలబడి ఉన్నాయన మాస్టారి అన్నయ్య, పశువుల డాక్టరు. ఫోటోకి దండ వేసి లేదు, వేస్తే చేత్తో తడిమినా ఆవిడకి తెలిసిపోతుంది. ఈవిడ వదినగారు. తల్లి పోయిన పదేళ్ళ పిల్లవాణ్ణి తన చేతి ముద్దలతో పెంచిన మనిషి. మాస్టారికి పెళ్ళే కాలేదు. అన్నయ్య పోయి నాలుగేళ్ళయింది. చూపుతో పాటు ఆవిడ జ్ఞాపకం కూడా సడలిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఆయన ఇంకా రాలేదని అన్నం ముట్టకుండా కూర్చునేదట. బండి నా షెడ్డులో ఉన్న రెండు నెలలూ క్యాంపుకెళ్ళారని, ఫలానా తేదీకి వస్తారని నచ్చజెప్పి తినిపించారట. నేను గయ్యాళి అనుకున్నది ఈవిడనా! నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

వంటమనిషి రెండు కంచాలు పెట్టింది. మాస్టారు బూట్లతో కూర్చుని భోజనం చేశారు. ఆవిడ ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతూ తృప్తిగా తింది. మూడు రోజుల తర్వాత! మాస్టారు లేచి బూట్లు టకటకలాడిస్తూ పడకగదిలోకి వెళ్ళి, అక్కడ బూట్లు విప్పి, చప్పుడు కాకుండా పెరటి గుమ్మం దాటారు. మళ్ళీ వీధి వైపునుంచి వచ్చి వాకిట్లోంచే కేక పెట్టారు.

“వదినా, నేనే! అన్నయ్య పడుకున్నాడా?”

“ఇప్పుడే పడుకున్నార్రా. కాళ్ళు కడుక్కో, అన్నం పెట్టిస్తాను.”

అంటే మళ్ళీ ఇంకో భోజనం! నాలుగేళ్ళుగా రోజూ రెండు భోజనాలు. ఆ పొట్ట రహస్యం అప్పుడు తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చుండిపోయాను.

మాస్టారు పెరట్లోకి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు. వదినగారు నేనున్న వైపు తిరిగి గొంతు తగ్గించింది.

“బండి బాగుచేసింది నువ్వేనా నాయనా?”

“పాడుచేసింది నేనేనండీ.”

ఆవిడ నవ్వింది. “ఆయన పోయారని కొన్ని రోజులు నాకు తెలుస్తుంది. కొన్ని రోజులు తెలియదు. మొన్న మూడు రోజులూ తెలియలేదు, గుమ్మంలో ఎదురుచూస్తూనే ఉన్నాను. ఇవాళ తెలుస్తోంది. తెలిసినా చెప్పను. వాడు అంత కష్టపడి, అంత చప్పుడు చేసుకుంటూ వస్తాడు, ఎలా చెప్పను? రెండుసార్లు తింటే వాడికి అరగదని, తెలిసిన రోజున వంటమనిషితో చెప్పి పెద్దాయన కంచంలో సగమే పెట్టిస్తాను.”

నేను తల వంచుకుని నూనె చేతులు తుడుచుకున్నాను.

“చప్పుళ్ళన్నీ సరిగ్గానే వచ్చాయి, ఒక్కటి మాత్రం నాలుగేళ్ళుగా తక్కువే” అంది. “బండి వెనక ఆయన పేరు రేకు ఉండేది. టపటప కొట్టుకునేది. ఆయన పోగానే వీడే పీకి ఎక్కడో దాచాడు, నేను తడిమి ఏడుస్తానని. వాణ్ణి మాత్రం అడక్కు.”

మాస్టారి అడుగుల చప్పుడు వినిపించింది. ఆవిడ వెంటనే గొంతు పెంచి, “మీ ఇల్లెక్కడ నాయనా?” అని అడిగింది.

మర్నాడు నా షెడ్డు గోడ మీది బోర్డు పీకి జీపు వెనక తగిలించాను, ఒక్క స్క్రూతో. ‘చప్పుడు లేని రిపేరు మా ప్రత్యేకత’ అన్న అక్షరాలు ఊళ్ళోకెల్లా పెద్ద చప్పుడు చేసే బండి వెనక టపటప కొట్టుకుంటూ ఊరేగాయి. “ఇదేం ప్రచారం మేస్త్రీ గారూ?” అని మాస్టారు కంగారుపడ్డారు. “వ్యాపారమన్నాక తప్పదు” అన్నాను. నా గిరాకీ సగం పడిపోయింది. కనిపించినవాడల్లా ముసిముసి నవ్వులే.

ఏడాదిన్నర అలా గడిచింది. ఒక సాయంత్రం ఆ జీపు వచ్చింది, ఆవిడ భోజనం చేసింది, పడుకుంది, ఇక లేవలేదు.

పదిహేను రోజుల తర్వాత మాస్టారు షెడ్డుకి వచ్చారు. పొట్ట తగ్గిపోయి, చొక్కా వదులుగా వేలాడుతోంది. ఆ పొట్ట చూసి ఎన్నిసార్లు నవ్వానో, అది లేకపోతే అంత ఏడుపు వచ్చింది.

“అన్నీ బిగించెయ్యండి మేస్త్రీ గారూ. ఇంక వినేవాళ్ళు లేరుగా.”

ఎన్నాళ్ళుగా ఎదురుచూసిన మాట! తీరా విన్నాక స్పానర్ పట్టుకోబుద్ధి కాలేదు. అయినా బిగించాను. బానెట్, తలుపులు, అద్దం, సైలెన్సర్ అన్నీ పూర్తిచేశాను. కొత్త ఇంజను మళ్ళీ నోరు మూసుకుంది. వెనక బోర్డు మాత్రం ముట్టుకోలేదు.

“అది మర్చిపోయారు” అన్నారు మాస్టారు.

“మర్చిపోలేదండీ. అది నా బోర్డు, నా ఇష్టం. ఇంకో మాట. రేపట్నుంచి ఆరింటికి ఈ బండి ఇక్కడికి రావాలి. ఆ టపటప వినపడకపోతే ఇక్కడ ఒక మనిషి టీ ముట్టడు.”

మాస్టారు బండి వెనక్కి వెళ్ళి, కళ్ళు మూసుకుని, బోర్డును వేలితో రెండుసార్లు కదిపి విన్నారు.

“కొంచెం బిగిసింది” అని జేబులోంచి సుద్దముక్క తీసి స్క్రూ చుట్టూ సున్నా చుట్టారు.