చేపల మంచులో మేడమ్ పెట్టిన పరీక్ష

ఈ ఉదయం ఫిషింగ్ హార్బర్ దగ్గర ఆటో ఆగింది. చేపల పెట్టెల మీదకు మంచు దంచి పోస్తున్నారు. ఆ నీచు వాసన తగలగానే మనసు ఒకచోట నిలవలేదు. నాకు ఆ వాసనంటే అప్పలనరసమ్మ మేడమే. నా పరిశోధనకు గైడు. ల్యాబులో మంచు మిషన్ పాడైతే, బాగుచేయమని అర్జీలు పెట్టుకుంటూ కూర్చునే మనిషి కాదు. స్కూటరేసుకుని హార్బర్‌కి వెళ్లి బకెట్టు నిండా మంచు తెచ్చేసేవారు. ల్యాబంతా ఒకటే కంపు. "ఏటే, ముక్కు మూసుకుంటన్నావ్? జెల్లుకి ముక్కుందేటి?" అనేవారు.

మేం చేసేవి వేడికి ముడుచుకుని చలికి ఉబ్బే జెల్ రేణువులు. వేడినీళ్లలో మందులు కలిపి తిప్పుతుంటే కాసేపటికి పాలలా తెల్లబడతాయి. క్రాస్‌లింకర్ అనే మందు లోపలి పోగులను ఒకదానికొకటి ముడివేస్తేనే అది జెల్. ముడి పడకపోతే చల్లారగానే అంతా నీళ్లలో కరిగిపోతుంది. వేడిగా ఉన్నంతసేపూ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. మా విశాఖ మే నెలలో, ఏసీ పనిచేయని గదిలో, హీటరు ఆపేసినా తెల్లగానే ఉండిపోతాయి.

అలాంటి మే నెలలోనే కమిటీ వచ్చింది. జెల్ చూపిస్తేనే ఫెలోషిప్ కొనసాగుతుంది. లేదంటే చదువు మానడమే. పోర్టులో పనిచేసే మా నాన్న అప్పటికే ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నాకు ఉద్యోగం మాట్లాడేశారు. కమిటీ పెద్దలు తెల్లటి ఫ్లాస్కు చూసి, "బాగుందమ్మా" అంటూ లేవబోయారు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో మేడమ్ ఆ ఫ్లాస్కు తీసుకెళ్లి మంచు బకెట్టులో దించేశారు! చూస్తుండగానే తెలుపంతా పోయింది. ముడి పడిన జెల్ అయితే చల్లారాక పల్చటి నీలంగా నిలవాలి, ఆ ఛాయ కూడా లేదు. ఉత్త నీళ్లు.

"ముడి పళ్లేదండి," అన్నారు మేడమ్. ఫెలోషిప్ ఆపేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లు వెళ్లగానే, "వాళ్లు అడగలేదు కదా మేడమ్! ఎందుకు చేశారు?" అని అరిచేశాను.

ఆవిడ అటూ ఇటూ తిరుగుతూనే, "ఆలకి అక్కర్లేకపోతే మనకీ అక్కర్లేదేటి? తెల్లగున్నప్పుడే మెప్పించేసుకుంటే, సల్లారాక ఎవులికి సెప్తావు?" అన్నారు.

సాయంత్రం వన్ టౌన్‌లో మా ఇంటికొచ్చారు. నాన్న, "మా అమ్మాయికి ఈ చదువు సరిపడదేమోనండీ," అన్నారు.

"పిల్లలో లోటేటీ లేదండి. ముడేసే మందు పాతబడిపోనాది. సూసుకోవాల్సింది నాను. కొత్తది తెప్పిత్తాను, అప్పటిదాకా ఉజ్జోగానికి పంపకండి." నాన్న సరేనన్నారు.

కొత్త మందుతో చేసిన జెల్ మంచులో కరగలేదు. పల్చటి నీలంతో నిలిచింది. నాకు ఏడుపొచ్చేసింది. "మళ్లీ సెయ్, ఒక్కసారికి నమ్మలేం," అని మేడమ్ క్లాసుకి వెళ్లిపోయారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఎవరైనా నా పని బాగుందంటే ఇప్పటికీ నాకు కుదురుండదు. ఎక్కడ లోపముందో వెతికేదాకా నిద్రపట్టదు. ఆ రోజు కోపం కూడా పూర్తిగా పోలేదు, అబద్ధమెందుకు? మొన్న నా విద్యార్థిని తన జెల్‌ను అందరికీ చూపించి మురిసిపోతుంటే, నేను ఫ్లాస్కు అందుకున్నాను. మంచులో దించేశాను. అది కరిగిపోయింది. ఆ పిల్ల బ్యాగు తీసుకుని విసురుగా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే గాజువాకలో వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసింది ఆ పిల్లే. కోపం ఇంకా ముఖంలోనే ఉంది. ఉండనీ.