అమ్మ పాస్‌పోర్టు

బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా ఆ వాసనకు గల్ఫ్‌లో, అల్ ఐన్‌లోని మా ఫ్లాటు గుర్తొస్తుంది. అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ నర్సు. ఖర్జూరపు తోటల్లో పనిచేసే మనవాళ్ల కష్టసుఖాలు చూసుకునే తెలుగు కమిటీ శుక్రవారాలు మా హాల్లోనే కూర్చునేది.

ఆ శుక్రవారం కమిటీ పెద్ద బాషా మామ, "సిస్టర్, కఫీల్, అదే ఆ అరబ్బు యజమాని, ఒప్పుకున్నాడు. రేపే పంపించేయాల. పాస్‌పోర్టు తీసి పెట్టుకోమ్మా," అన్నాడు. అమ్మ తల వంచుకుని కళ్లు తుడుచుకుంది. అమ్మనే పంపేస్తున్నారనుకున్నాను. ఆ రాత్రి, అమ్మ తీసి పెట్టుకున్న పాస్‌పోర్టును బియ్యంలో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగున దాచాను.

మర్నాడు పొద్దున ఇల్లంతా వెతికారు. విమానానికి వేళవుతోంది. నా ముఖం చూసి బాషా మామ నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మను పంపొద్దు మామా," అన్నాను.

"మీ అమ్మను కాదు బిడ్డా, తోటలో పడిపోయిన సుబ్బయ్యను. ఆయన ఒక్కడే పోలేడు. మీ అమ్మ తోడు పోయి నాలుగు దినాల్లో వచ్చేస్తాది."

ఏడుస్తూనే తీసిచ్చాను.

నాలుగో రోజు అమ్మ వచ్చింది. ఆమె మెడ పట్టుకుని వదల్లేదు. సుబ్బయ్య ఇల్లు చేరాడా అని అడగాలని నాకు తోచనే లేదు. ఇన్నేళ్లకు మొన్న అడిగితే, "చేరాడు. దారంతా నీ వయసు కూతురి గురించే చెప్పాడు," అంది అమ్మ.